బాపు గీటురాయి

బ్యాంకు కౌంటర్ వెనక కూర్చొని బంగారం చూసుడు నా పని. అప్రైజర్ అంటరు. ఊర్ల అవుసులాయన, అంటే కంసాలి, కొడుకుని అంటే ఇంకా జల్ది అర్థమైతది. 27 ఏండ్ల నుంచి నా సంచిల కాటా మారింది, ఆసిడ్ సీసాలు మారినయి, కళ్లద్దాలు నాలుగుసార్లు మారినయి. మారనిది ఒక్కటే, బంగారాన్ని గీసి చూసే గీటురాయి. రెండు అగ్గిపెట్టెలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత ఉంటది. నల్లగ, నున్నగ, చేతికి ఎప్పుడూ కొంచెం సల్లగ. బాపు ఇచ్చిండు. బాపుకు తాత ఇచ్చిండు. తాత దాన్ని పట్నం పోయి గుల్జార్ హౌజ్ దగ్గర కొన్నడని మా ఇంట్ల చెప్పుకుంటరు. ఎంతకు కొన్నడని అడిగితే బాపు ఒక్కోసారి ఒక్కో లెక్క చెప్పేది.

దాని మీద ఎన్ని వేల నగలు గీసిననో లెక్క లేదు. అది ఏం రాయి అని మాత్రం ఒక్కనాడు అనుకోలేదు. గీటురాయి అంటే గీటురాయి, అంతే. మా చెల్లె బిడ్డ ఎమ్మెస్సీ జియాలజీల చేరినంక ఒకసారి దసరాకు ఇంటికొచ్చి, ఆ రాయిని చేతిల తిప్పి తిప్పి చూసి, "మామా, ఇది స్లేటా, బసాల్టా, చెర్టా?" అన్నది. నాకు నోట మాట రాలేదు. నగ చూసి ఏ ఊరి పనో చెప్తనని నాకు కొంచెం పొగరు. చేతిల ఉన్న రాయి పేరు తెల్వదు.

మొన్న పన్ను డాక్టర్ దగ్గరికని సెలవు పెట్టిన. ఆయన రేపు రమ్మన్నడు. సెలవు చేతిల మిగిలింది. బిడ్డకు ఫోన్ చేస్తే "మా యూనివర్సిటీకి రా మామా, మ్యూజియం చూపిస్త. రాయి తెచ్చుకో" అన్నది.

మ్యూజియం అంటే సాలార్‌జంగ్ లెక్క టికెట్టు, లైన్లు అనుకొని పోయిన. డిపార్ట్‌మెంట్ల ఒక పొడుగాటి హాలు అది. అద్దాల తలుపుల చెక్క అల్మారాలు, నడుమల బల్లలు, ప్రతి రాయి కింద చిన్న కాగితం. తాళాలగుత్తి పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన మా ఎన్కనే నడుస్తున్నడు. మనుషుల కంటే రాళ్లు ఎక్కువున్న గదిల ఉండే నిశ్శబ్దం వేరే ఉంటది. మా బిడ్డ కూడ గొంతు తగ్గించి మాట్లాడింది.

మొదటి బల్ల మీదనే మన పట్నం రాయి. గులాబీ రంగు గ్రానైటు. "ఇదేందో చెప్పు మామా" అంటే "మా ఇంటెన్క గుండు" అన్న. నవ్వి భూతద్దం చేతికిచ్చింది. భూతద్దం నాకు కొత్త కాదు గని, రాయిని దాంతోని చూసుడు కొత్త. ఇన్నేండ్లు ఒక్కటే రంగు అనుకున్న రాయిల మూడు రకాల గింజలున్నయి. గులాబీ రంగుది ఫెల్డ్‌స్పార్. గాజు పెంకు లెక్క మసకగ ఉన్నది క్వార్ట్జ్, మనం పలుగురాయి అంటం చూడు, అదే. మధ్యల నల్లగ తళుక్కుమనేది బయోటైట్ అనే నల్ల అభ్రకం. భూమి లోపల కరిగి ఉన్నది మెల్లమెల్లగ సల్లారితేనే గింజలు ఇంత పెద్దగ కడతయట. వయసు దగ్గరదగ్గర 250 కోట్ల ఏండ్లు. బంజారాహిల్స్‌ల, జూబ్లీహిల్స్‌ల ఇండ్ల నడుమ ఇంకా మిగిలిన గుండ్లు, గోల్కొండ కోట కట్టిన గుట్ట, మౌలాలి గుట్ట, అన్నీ ఈ కుటుంబమే.

గుండు మీద గుండు ఎవరు పేర్చిండ్రు అని చిన్నప్పటి నుంచి ఒక అనుమానం. ఎవ్వరూ పేర్చలేదట. పెద్ద బండ నిలువుగ, అడ్డంగ పగుళ్లు ఇస్తది. పగుళ్లల్ల నీళ్లు దిగి రాయిని కుళ్లగొడ్తయి. మూలలకు రెండు మూడు దిక్కుల నుంచి దెబ్బ తగుల్తది కాబట్టి మూలలు ముందు పోతయి. చివరికి గుండ్రంగ మిగుల్తది, చుట్టూ ఉన్న మెత్తటి మట్టి వానకు కొట్టుకపోతది. ఇది నాకు వెంటనే ఎక్కింది. పాత నగలల్ల కూడ ముందు అరిగేది అంచులే. మా అమ్మమ్మ పట్టెడ మూలలు అట్లనే గుండ్రంగైనయి.

తర్వాత అల్మారాల దగ్గర మేము కొంచెం ఉరికినం. శిలాజాలు, రంగురంగుల మ్యాపులు నాకు అంతగ పట్టలేదు. పట్టినయి ఏందంటే, నాకు పేర్లు ముందే తెల్సినయి. మార్కాపురం పలక రాయి. దాని పక్కనే టాల్క్ అని రాసిన తెల్లటి మెత్తటి రాయి, మన బలపం. ఒకటో తరగతిల నేను బలపాలు రాసినదానికంటే తిన్నదే ఎక్కువ. కాఠిన్యానికి మోస్ అనే ఆయన 1812ల ఒక నిచ్చెన కట్టిండట, ఒకటి నుంచి పది దాకా. పదో మెట్టు మీద వజ్రం, అన్నిటికంటే కింది మెట్టు టాల్క్. గోరుతోని గీకితే రాల్తది. అందుకే పిల్లలు కొరకగల్గుతరు.

నెల్లూరు వైపు గూడూరు అభ్రకం పెద్ద అట్టలాగున్నది. గోరుతోని ఒక పొర లేపితే ఉల్లిపొర కంటే పల్చగ వచ్చింది, అవతల బిడ్డ మొఖం కనపడింది. దీన్ని కాకిబంగారం అంటరు. ఊర్ల పిల్లలు మెరిసే పొరలు ఏరుకొచ్చి "అవుసులాయనా, కొనుక్కుంటవా?" అని బాపును అడిగేటోళ్లు. బాపు సీరియస్‌గ కాటల పెట్టి తూచి, "తులానికి ఒక పిప్పర్‌మెంట్" అని ఇచ్చేది. పాత ఇస్త్రీపెట్టె విప్పితే లోపల వేడి తీగ చుట్టి ఉండేది ఈ అభ్రకం మీదనే. కరెంటును ఆపుతది, వేడికి కాలదు.

కాల్సైట్ దగ్గర ఒక తమాష అయింది. అద్దం లెక్క తేటగ, ఏటవాలు డబ్బా ఆకారంల ఉన్న ముక్క. "జేబుల కాగితమేమన్న ఉందా మామా?" అంటే పెట్రోల్ రసీదు ఇచ్చిన. దాని మీద పెట్టింది. 300 అని రాసి ఉన్నది రెండు వరుసలల్ల కనపడింది. రాయిని తిప్పుతుంటే ఒక వరుస నిలబడ్డది, రెండోది దాని చుట్టూ తిరిగింది. లోపలికి పోయిన వెలుగు రెండుగ చీలి, రెండు దారులల్ల బయటికొస్తదట. మా బ్యాంకుల ఈ రాయి ఒకటి ఉంటే జనం తులం తెచ్చి రెండు తులాలకు లోన్ అడుగుతరు.

అక్కడి నుంచి నాలుగడుగులు వేసినంక ఒక బూడిద రంగు రాయి. చూస్తే ఏం లేదు, రోడ్డు పక్కన పడుంటే తన్నుకుంట పోతం. "ఎత్తు మామా" అన్నది. ఒక్క చేత్తోని ఎత్తిన. చెయ్యి కిందికి గుంజింది.

రోజూ బరువులు చూసే చెయ్యి ఇది. కాటల పెట్టకముందే అర గ్రాము తేడాతోని చెప్తది. కంటికి ఒక బరువు, చేతికి ఇంకో బరువు వచ్చినప్పుడు కడుపుల కలుక్కుమంటది. ఆ రాయి ఎత్తినప్పుడు అదే అయింది. "బెరైటీస్. మంగంపేటది" అన్నది. అంటే ముగ్గురాయి. కడప వైపు మంగంపేటల ఉన్నంత నిల్వ ప్రపంచంల ఇంకెక్కడ ఒక్కచోట లేదట. మామూలు రాయి నీళ్ల కంటే రెండున్నర, మూడింతలు బరువుంటే ఇది నాలుగున్నర ఇంతలు. లోపల బేరియం ఉంటది కాబట్టి. చమురు బావులు తవ్వేటప్పుడు ఈ రాయి పొడిని బురదల కలిపి బొక్కలకు దింపుతరు. కింది నుంచి గ్యాసు, నూనె ఎగజిమ్మకుండ ఆ బురద బరువే అదిమిపెడ్తది.

ఆమె చెప్తనే ఉన్నది గని, నాకు వేరే బరువు యాదికొచ్చింది.

చాన ఏండ్ల కింద, పండుగ ముందు. కౌంటర్ ముంగట గేటు దాక లైన్. ఒకాయన నాలుగు గాజులు తెచ్చిండు, ఒక్కోటి 40 గ్రాముల దాక. గీసిన, పచ్చటి గీటు. ఆసిడ్ పెట్టిన, తక్కువ రకమైతే గీటు కరిగిపోవాలె, చెదరలేదు. 22 కేరట్లని రాసి సంతకం పెట్టిన. ఆ మనిషి మళ్ల రాలేదు. ఏడాదిన్నరకు వేలం ముందు కోసి చూస్తే మందమైన బంగారం తొడుగు, లోపల రాగి. నష్టం అప్రైజర్‌దే అని కాగితంల ఉంటది. ఐదు నెలల కమీషన్ అట్ల పోయింది. పైసల కంటే బాపుకు చెప్పుడే కష్టమైంది. ఆయన తిట్టలేదు. "గీటు తోలు సంగతి చెప్తదిరా. కడుపు సంగతి నీళ్లు చెప్తయి" అని మాత్రం అన్నడు.

నీళ్లు అంటే ఇది. 22 కేరట్ల గాజు 40 గ్రాములుంటే నీళ్లల్ల ముంచినప్పుడు రెండుంబావు గ్రాముల నీళ్లను పక్కకు జరుపుతది. లోపల రాగి ఉంటే అదే 40 గ్రాముల గాజు ఇంకా లావుండాలె, నాలుగు గ్రాముల దాక జరుపుతది. గ్లాసుల నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్న చేసి, గాజును దారంతోని వేలాడదీసి అడుగుకు తగలకుండ ముంచితే కాటా మీద అంకె పడ్తది. నిమిషం పని. ఆ రోజు ఆ నిమిషం లేదనుకున్న. ఇప్పుడు చాన చోట్ల మిషన్లు వచ్చినయి, నగను పెట్టంగనే కేరట్లు చూపిస్తయి. అవి కూడ పైపైనే చూస్తయి, లోపలి రాగిని పట్టయి. ఈ మాట అంటే మా మేనేజర్లకు నచ్చదు.

ముగ్గురాయిని కింద పెట్టి చెయ్యి దులుపుకున్న.

పైరైట్ దగ్గర మా బిడ్డ నన్ను పరీక్ష పెట్టాలనుకున్నట్టుంది. పచ్చగ, ఎవరో సానబెట్టి చెక్కినట్టు ఘనాకారం ముక్కలు, ఒకదాంట్ల ఒకటి దూరినట్టున్నయి. ఎవ్వరూ చెక్కలేదు, అది పెరుగుడే అట్ల పెరుగుతది. "బంగారమేనా మామా?" అన్నది. కాదని దూరం నుంచే తెల్సు. బంగారం మెరుపుల ఒక మెత్తదనం ఉంటది, ఇది గాజు లెక్క కరుకుగ మెరుస్తున్నది. ఇనుము, గంధకం కలిస్తే అయ్యేది ఇది. ఆమె ఒక తెల్లటి పలక తీసింది. మెరుపు పూయని పింగాణీ, బాత్రూం టైల్‌కు వెనకవైపు ఎట్లుంటదో అట్ల. దాని మీద పైరైట్‌ను గీసింది. పచ్చటి రాయి నల్లటి గీటు పెట్టింది. బొగ్గుతోని గీసినట్టు.

తర్వాత హెమటైట్, ఇనుప రాయి. ఉక్కు రంగుల నల్లగ మెరుస్తున్నది. గీస్తే ఎర్రటి జాజు రంగు. మా అమ్మ అరుగుకు పూసిన రంగు అదే.

నేను కాసేపు ఏం మాట్లాడలేదు. మేము మాత్రమే చేస్తమనుకున్న పని ఇది. రాయి మొఖం రంగు వేరు, పొడి రంగు వేరు. మొఖం రంగు గాలికి, మట్టికి మారుతది, పొడి రంగు మారదు. వీళ్లు దాన్ని స్ట్రీక్ అంటరు, పుస్తకంల రాసుకుంటరు. మేము గీటు అంటం.

నా ఉంగరం తీసి ఆ పలక మీద గీసిన. సన్నటి పచ్చటి గీత పడ్డది. బిడ్డ గుడ్డ తీసి తుడవబోయింది. నా చెయ్యి దానంతట అదే అడ్డం పోయి, రెండో చెయ్యి జేబుల మైనం కోసం దేవులాడింది. తాళాలాయన నన్ను వింతగ చూసిండు.

బాపు దగ్గర నల్లటి మైనం ముద్ద ఒకటుండేది. గీటు చూసుడు అయినంక రాయిని గుడ్డతోని తుడవద్దు, మైనంతోని అద్దాలె. బంగారం మైనానికి అంటుకొని వస్తది. ఒక్క గీటుల ఎంతుంటది, కంటికి ఆనది. ఏడాదంతా అద్దంగ అద్దంగ ముద్ద మీద పచ్చటి పొడి కనపడేది. దీపావళి ముందు ఆ ముద్దను మూసల వేసి కుంపటి మీద పెడ్తే మైనం కాలిపోయి అడుగున పెసరగింజంత మిగిలేది. ఊరందరి పుస్తెలు, ముక్కుపుడకలు, కమ్మలు కలిసిన గింజ. అది న్యాయంగ ఎవరిదో నేను ఇప్పటిదాక తేల్చుకోలేదు.

తర్వాత వజ్రకరూర్ నుంచి తెచ్చిన కింబర్లైట్. వజ్రాలను భూమి అడుగు నుంచి పైకి మోసుకొచ్చే రాయి. దీన్ని చూసి ఎవ్వరూ వజ్రం అనుకోరు, మట్టి రంగుల మబ్బుగ ఉన్నది. గోల్కొండ వజ్రాలని పేరే గని గోల్కొండల తవ్వింది ఏం లేదు. అక్కడ అమ్మిండ్రు. తవ్వింది కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల. ఇప్పుడు ఆ కొల్లూరు పులిచింతల నీళ్ల కింద ఉన్నది.

కింది వరుసల చివరికి ఒక తెల్ల రాయి. నడుమల నల్లటి చారలు. కాగితం మీద "బంగారు ఖనిజం" అని రాసి ఉన్నది.

భూతద్దం పెట్టిన. కనపడలేదు. నగలు చూసే నా సొంత లూప్, చిన్న భూతద్దం, తీసి పెట్టిన. వెలుగుకు తిప్పిన, తడి చేస్తనంటే తాళాలాయన వద్దన్నడు. ఏం లేదు. "కంటికి కనపడేంత ఉండుడు అరుదు మామా. టన్ను రాయిని దంచి కడిగితే కొన్ని గ్రాములొస్తది" అన్నది. భూమి పగుళ్లల్ల వేడి నీళ్లు పారి, సల్లారేటప్పుడు పలుగురాయిని, దాంతోని కొంచెం బంగారాన్ని వదిలిపెడ్తయట. కోలార్‌ల దీని కోసం మూడు కిలోమీటర్ల పైన లోతుకు పోయిండ్రు, 2001ల మూసిండ్రు. రాయచూరు దిక్కు హట్టిల ఇంకా తవ్వుతున్నరు. ఆ రాయచూరు ఒకప్పుడు మన నిజాం రాజ్యంలదే.

"ఇంకో సంగతి చెప్పాల్నా? ఆ నల్లటి చారలల్ల పైరైట్ లాంటివే ఉంటయి. చాన గనులల్ల అసలు బంగారం వాటి లోపలనే దాచుకొని ఉంటది."

యాభై రెండేండ్లు నాకు. బంగారం బిస్కెట్లు చూసిన, పొడి చూసిన, కరిగి ఎర్రగ మూసల తిరుగుతుంటే చూసిన. పుట్టిన చోట దాని మొఖం చూడలేదు. చూసిన రోజు అది కనపడనే లేదు. పైగా ఇంతకుముందే నేను ఈసడించిన పైరైట్ కడుపుల ఉన్నది.

ఇగ సంచిల నుంచి రాయి తీసిన.

బిడ్డ ముందు చాకు మొనతోని ఒక మూలకు గీకింది, నా పానం గిలగిలలాడింది. రాయికి ఏం కాలేదు, చాకు ఉక్కే దాని మీద వెండి గీతలాగ రాసింది. అంటే ఉక్కు కంటే గట్టిది, పలకరాయి కాదు. సున్నపురాయేమో ఆసిడ్ వేస్తే పొంగుతది అని సీసా కోసం పోబోతుంటే ఆపిన. "27 ఏండ్ల నుంచి నైట్రిక్ ఆసిడ్ పోస్తున్న బిడ్డా. ఒక్క బుడగ రాలేదు" అన్న. ఆమె పుస్తకంల రాసుకున్నది. నా మాట ఒకటి జియాలజీ పుస్తకంలకు ఎక్కింది అట్ల.

మిగిలింది రెండు. వికారాబాద్ అటు దిక్కు పరుచుకున్న నల్లరాయి ఉన్నది చూడు, దగ్గరదగ్గర ఆరున్నర కోట్ల ఏండ్ల కింద పారిన లావా, ఆ బసాల్ట్ రకం కావచ్చు. లేకపోతే చెర్ట్, పలుగురాయి సరుకే, కాకపోతే గింజ కంటికి కనపడనంత సన్నగ ఉంటది. సున్నపురాళ్ల నడుమ ముద్దలు కట్టి దొరుకుతది. "పక్కా చెప్పాలంటే ఒక సన్నటి ముక్క కొయ్యాలె. మిల్లీమీటరును వంద వంతులు చేస్తే అందుల మూడు వంతుల మందం దాక అరగదీస్తే వెలుగు అవతలికి వస్తది, మైక్రోస్కోప్ కింద చూడొచ్చు. సార్‌ను అడుగుతా?"

కొయ్యనియ్యనన్న. "చిన్న ముక్కనే మామా, మూలకు." అయినా వద్దన్న. రాయిని సంచిల పెట్టి జిప్పు కూడ పెట్టిన. ఆమె మొఖం చూస్తే నాకే పాపమనిపించింది. గేటు దాక వచ్చి బండి స్టార్ట్ చేస్తుంటే అన్నది, "కొయ్యకుండ ఇంకో దారి ఉంది గని అది నీకే తెల్సు. నీళ్లల్ల తూచు. చెర్ట్ అయితే నీటికి రెండున్నర మీద కొంచెం వస్తది. బసాల్ట్ మూడు దగ్గర దగ్గర ఉంటది."

రాత్రి అన్నం తిన్నంక కాటా తీసిన. ఉత్త తూకం 110.4 గ్రాములు. వంటింట్ల నుంచి స్టీల్ గ్లాసు తెచ్చి, సగం పైన నీళ్లు పోసి, కాటా మీద పెట్టి సున్న చేసిన. రాయికి దారం కట్టుడే కష్టమైంది, నున్నటిది కదా, రెండుసార్లు జారింది. మూడోసారి అడ్డంగ నిలువుగ చుట్టి దించిన. ఫ్యాన్ బంద్ చేసి, ఊపిరి బిగబట్టి చూస్తే 42.0 దగ్గర అంకె ఆగింది. ఫోన్‌ల భాగహారం చేస్తే 2.63.

పదిన్నర అయింది, అయినా బిడ్డకు ఫోన్ చేసిన. "చెర్టే మామా!" అని ఇంత గట్టిగ అరిచింది, హాస్టల్‌ల పక్కమంచం పిల్ల లేచిందట.

మా ఆమె వంటింటి గడప దగ్గర నిలబడి అంతా చూస్తున్నది. "ఆసిడ్ పోసే రాయి అది. తాగే గ్లాసుల ముంచినవా?" అన్నది. ఎంత కడిగిస్తనన్నా వినలేదు. ఆ గ్లాసు ఇప్పుడు నా సంచిల ఉంటది, కాటా పక్కన.